గంభీరంగారు పూడ్చిన గొయ్యి

మా వీధిలో ఆయన్ని అందరూ గంభీరంగారనే అంటారు. అసలు పేరు కరెంటు బిల్లు మీద ఉంటుంది. గంభీరం అన్న పేరు ఆయన గొంతు వల్ల వచ్చింది. టీవీలో డాక్యుమెంటరీలు వస్తుంటాయి కదా, తేనెటీగలు ఎలా బతుకుతాయి, ఆనకట్ట ఎలా కట్టారు, క్షయ ఎలా పాకుతుంది అని. తెర మీద బొమ్మలు కదులుతుంటే, మనిషి కనబడకుండా వెనకనుంచి ఒక గొంతు తీరిగ్గా చెబుతుంటుంది. ఆ గొంతు ఈయనదే. మనిషిని చూస్తే నమ్మలేరు. ఎత్తు ఐదడుగుల రెండంగుళాలు, ఛాతీ ముప్ఫై రెండు. నేను దర్జీని, ఇరవై ఏళ్ళుగా ఆయన చొక్కాలు కుడుతున్నాను కాబట్టి కొలత తప్పదు. అంత చిన్న ఛాతీలో అంత గొంతు ఎక్కడ పడుతుందో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.

ఆయన ఇంటికి ఎదురుగానే నా కొట్టు. మిషను ముందు కూర్చుంటే వాళ్ళ వరండా, ముందుగది, అందులో టీవీ సగం కనిపిస్తాయి. అందుకని ఆయన కథ చెప్పే హక్కు నాకుందనుకుంటున్నాను. ఈ కథలో నా తప్పు కూడా ఒకటుంది. అక్కడికి వచ్చినప్పుడు దాచకుండా చెబుతాను.

గంభీరంగారితో ఉన్న చిక్కల్లా ఏమిటంటే, ఆ గొంతును పనిచోట వదిలేసి ఇంటికి రాలేరు. కూరగాయల బండి ఆపి, ‘ఈ బెండకాయలు ఎప్పుడు కోసినవి?’ అని మామూలుగా అడిగినా సరే, బండివాడు నేరం ఒప్పుకున్నట్టు తల దించుకుని ‘మొన్నటివేనండీ’ అనేవాడు. బయట ఆ గొంతుకు అంత గౌరవం. ఇంట్లో మాత్రం ఆయన భార్య మా ఆవిడ దగ్గర వాపోయేది.

“పొద్దున్నే లేపితే, నిద్ర మనిషి ఆదిమ అవసరాల్లో ఒకటి అంటారు వదినా. కూరలో ఉప్పు తగ్గితే, ఉప్పు లేని జీవితాన్ని ఊహించగలమా అంటారు. ఉప్పు వెయ్యవే అంటే నోరు అరిగిపోతుందా?”

రచ్చ గెలిచి ఇంట ఓడిన మనిషి అని మేం నవ్వుకునేవాళ్ళం. నవ్వుకుంటాం గాని, ఆ గొంతు మీద మా అందరికీ గురి. చేతులు కడుక్కోవడం గురించి ఆయన చదివిన పది నిమిషాల సినిమా టీవీలో వచ్చిన వారం, మూల కొట్లో సబ్బులు అయిపోయాయి. అంతకుముందు అదే మాట డాక్టరు చెప్పాడు, బడిలో టీచరమ్మ చెప్పింది. ఎవరూ చెవిన పెట్టలేదు.

అన్నిటికన్నా పెద్ద సంగతి ఆయన అత్తగారిది. పెద్దావిడ కూతురింట్లోనే ఉంటారు. రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరిపోయాయి. ఆపరేషనంటే మాత్రం ససేమిరా. కూతురు ఏడ్చింది, డాక్టరు కాగితం మీద కన్ను బొమ్మ గీసి మరీ చెప్పాడు, అల్లుడు భోజనాల దగ్గర పదిసార్లు నచ్చజెప్పారు. గోడకు చెప్పినట్టే అయింది. ఒకరోజు సాయంత్రం టీవీలోంచి అదే అల్లుడి గొంతు వచ్చింది. ‘శుక్లాల శస్త్రచికిత్సకు భయపడనక్కర్లేదు. కొద్ది నిమిషాల్లో లోకం మళ్ళీ మీ కళ్ళముందు ఉంటుంది.’ పెద్దావిడ లేచి చీర మార్చుకుని, ‘పదవే ఆసుపత్రికి’ అన్నారు. ఈ వేళప్పుడు డాక్టరు ఉండడని చెప్పి కూర్చోబెట్టేసరికి కూతురికి తల ప్రాణం తోకకొచ్చింది.

“నేను చెబితే వినలేదేం అత్తయ్యగారూ?” అని గంభీరంగారు నిష్ఠూరమాడారు.

“అది ఇంట్లో మాట నాయనా. ఇది సినిమాలో మాట. కథ సినిమాలంటే కల్పనని ముందే తెలుసు. ఇటువంటి సినిమాలో అబద్ధం ఎందుకు చెబుతారు?” అన్నారావిడ.

ఇంత నమ్మకం తయారయ్యే చోటు, అంటే ఆయన చదివే రికార్డింగు గది, చూస్తే మీకు నవ్వొస్తుంది. పళ్ళ డాక్టరు ఆసుపత్రి మేడ మీద, ఒకప్పటి స్నానాలగది అది. గోడలకు పాత పరుపులు కట్టారు. శబ్దం చేస్తుందని ఫ్యాను తీసేశారు. చొక్కా గంజికి గరగరలాడుతుందని ఆయన బనీనుతో కూర్చుంటారు. కాగితాలు చప్పుడు చెయ్యకుండా తువ్వాలు మీద పరుచుకుంటారు. కింద పన్ను పీకించుకునేవాడు అరిచినప్పుడల్లా ఆగి, వాడి బాధ తీరాక మళ్ళీ మొదలుపెడతారు. బొమ్మ అన్నది ఆ గదిలో ఎక్కడా ఉండదు. అద్దం అవతలినుంచి రికార్డింగతను గడియారం చూసి ‘నలభై సెకన్లు’ అంటాడు, ఈయన సరిగ్గా నలభై సెకన్లలో చదివేస్తారు. ఉదయం తేనెటీగలు, మధ్యాహ్నం క్షయ, సాయంత్రం ఆనకట్ట. ‘చదవడం మన పని, చూడడం వాళ్ళ పని’ అనేవారు.

మొదట్లో ఇలా కాదట. పనిలో చేరిన ఏడాది, వరదల మీద తీసిన సినిమాకు తెర చూస్తూనే చదివారట. కొట్టుకుపోయిన ఇంటి ముందు ఒకావిడ తలుపు రెక్క పట్టుకుని నిలబడి ఉంది. ఆ బొమ్మ దగ్గరికి రాగానే గొంతు పూడుకుపోయింది. ఏడుసార్లు చదివించారు, ఏడుసార్లూ అక్కడే ఆగిపోయింది. చివరికి సినిమా తీసినాయన విసిగి, ‘మీరు తెర వైపు చూడకండి సార్’ అన్నాడు. ఎనిమిదోసారి బ్రహ్మాండంగా వచ్చింది. ఆనాటినుంచి ఆయన ఏ సినిమా చదివేటప్పుడూ తెర వైపు చూడలేదు.

ఇక గొయ్యి సంగతి. మురుగుకాలువ వేస్తామని రెండేళ్ళ కిందట నగరపాలక సంస్థవాళ్ళు మా ఏడో అడ్డవీధిలో నా కొట్టుకూ ఆయన ఇంటికీ మధ్య తవ్వారు. తవ్వినవాళ్ళు మళ్ళీ కంటికి కనబడలేదు. మేమే ఒక చెక్క వేసుకుని అటూఇటూ తిరగడం అలవాటు చేసుకున్నాం. కళ్ళ ఆపరేషనైన నెలకు పెద్దావిడ నాకు జాకెట్టు గుడ్డ ఇచ్చారు. వారం పోయాక వరండాలోంచి ‘అయిందా నాయనా?’ అని కేకేశారు. మిషను మీదనుంచి తల ఎత్తకుండా ‘అయిపోయిందండీ, వచ్చి పట్టుకెళ్ళండి’ అన్నాను. మా వృత్తిలో అది నోటికి పట్టిన మాట. ఆవిడ చెక్క దాటి వచ్చారు. చూస్తే గుడ్డ ఇంకా కత్తిరించనే లేదు. రేపు రమ్మన్నాను. తిరిగి వెళ్తూ చెక్క మీద కాలు జారి గోతిలో పడ్డారు. నలుగురం కలిసి పైకి తీశాం. కుడికాలు విరిగింది. నేను చెబుతానన్న తప్పు ఇదే. ఆవిడ నన్ను ఒక్క మాటా అనలేదు. తిట్టి ఉంటే ఈపాటికి మరిచిపోయేవాణ్ణి.

ఆవిడ కాలికి కట్టుతో ఉన్న రోజుల్లోనే నగరపాలక సంస్థ తమ పనుల మీద ఒక డాక్యుమెంటరీ తీయించింది. చదివింది ఎవరో చెప్పక్కర్లేదు. కేబుల్లో వేసే రోజు ఎప్పటిలాగే వీధంతా గంభీరంగారి ముందుగదిలో చేరింది. పెద్దావిడ కాలు స్టూలు మీద పెట్టుకుని అందరికన్నా ముందు కూర్చున్నారు. అల్లుడి గొంతును బొమ్మతో కలిపి స్పష్టంగా చూడడం ఆవిడకు అదే మొదలు. పక్కవాళ్ళని ‘ఉష్, వినండి’ అని ఆవిడే అదిలిస్తున్నారు.

పార్కులు వచ్చాయి. వీధి దీపాలు వచ్చాయి. తర్వాత ఒక శుభ్రమైన వీధి వచ్చింది. ఒక పాప తాడాట ఆడుతోంది, ఒక ముసలాయన చేతులూపుకుంటూ నడుస్తున్నాడు. గంభీరంగారి గొంతు తొణక్కుండా చెప్పింది. ‘ఇది ఏడో అడ్డవీధి. ఒకప్పుడు ఇక్కడ నోరు తెరిచిన గొయ్యి. నేడు మురుగుకాలువ పనులు సంపూర్ణం. వృద్ధులు సైతం నిర్భయంగా నడుస్తున్నారు.’

ఆ వీధి మాది కాదు, ఆ ముసలాయన ఎవరో మాకు తెలియదు. నేను గంభీరంగారి ముఖం చూశాను. ఆ మాటలు మొదటిసారి వింటున్నట్టు నోరు తెరుచుకుని ఉన్నారు. నిజానికి ఆయన వినడం మొదటిసారే.

“అమ్మాయ్,” అన్నారు పెద్దావిడ కూతురితో, “ఆ నడిచే వృద్ధులెవరో మీ ఆయన్ని అడుగు.”

“అత్తయ్యగారూ, వాళ్ళిచ్చిన కాగితంలో…”

“నాతో చెప్పద్దనవే. ఏమన్నా ఉంటే నీతో చెప్పుకోమను.”

ఆ రోజునుంచి ఆవిడ అల్లుడితో మాట మానేశారు. ఇద్దరూ ఒకే గదిలో ఉన్నా మాట కూతురి మీదుగా పోయి రావాలి. ఆయన మంచినీళ్ళ గ్లాసు అందిస్తే ‘అక్కడ పెట్టమనవే’. ఆయన ‘కాలు నొప్పి ఎలా ఉంది?’ అంటే ‘వృద్ధులు నిర్భయంగా నడుస్తున్నారని చెప్పు’. మధ్యలో ఆ ఇల్లాలు అడకత్తెరలో పోకచెక్క అయిపోయింది.

మర్నాడు గంభీరంగారు నా కొట్టుకొచ్చి, గుడ్డల కట్ట మీద కూలబడ్డారు.

“అడ్డవీధి అన్న మాటను మూడుసార్లు సాధన చేశానయ్యా. ఆ వాక్యం పొడుగు, చివర్లో ఊపిరి చాలట్లేదు. ఊపిరి గురించే ఆలోచించాను గాని, ఆ వీధి మనదేనని తట్టలేదు.”

నవ్వాలో తిట్టాలో తెలియక నేను సూదిలో దారం ఎక్కించాను.

“అత్తయ్యగారు నా మాట నమ్మి కళ్ళు బాగు చేయించుకున్నారు. ఆ కళ్ళకి నేను చూపించింది అబద్ధం,” అన్నారు. ఆ మాట ఎంత చిన్న గొంతుతో అన్నారంటే, ఇంకెవరో అన్నారేమోనని నేను వెనక్కి తిరిగి చూశాను.

గొయ్యి పూడిస్తే కోపం తగ్గుతుందని ఇద్దరం అర్జీ పట్టుకుని నగరపాలక సంస్థ ఆఫీసుకు వెళ్ళాం. గుమస్తా ఫైలు తీసి, తిరగేసి, మూసేశాడు.

“ఏడో అడ్డవీధి పని పూర్తయిందండీ.”

“పూర్తవలేదండీ, మేం అక్కడే ఉంటాం,” అన్నాను.

“సినిమా కాపీ ఫైల్లో ఉంది. అది చూసే పైవాళ్ళు మూసెయ్యమన్నారు.” అని ఆగి, గంభీరంగారి వైపు పరీక్షగా చూశాడు. “గొంతు మీదే కదండీ? మా ఇంట్లో మీరంటే అందరికీ ఇష్టం. మీరు చెప్పాక ఇంక తనిఖీ ఎందుకన్నారు మా సారు.”

“నేను ఊరికే చదివానయ్యా.”

“మేమూ ఊరికే సంతకం పెట్టామండీ,” అన్నాడు గుమస్తా, ఏ వెటకారమూ లేకుండా.

ఇంటికొచ్చి ఆ సంగతి చెబితే పెద్దావిడ కట్టున్న కాలు స్టూలు మీద సర్దుకున్నారు. తర్వాత కూతురితో అన్నారు. “ఏ గొంతుతో పూడ్చారో ఆ గొంతుతోనే తవ్వమను.”

అంటే ఇంకో సినిమా తియ్యాలన్నమాట. మా వీధిలో కెమెరా ఉన్నది పెళ్ళి వీడియోలు తీసే అతని దగ్గరే. మర్నాడు పొద్దున్నే కెమెరా భుజాన వేసుకుని వచ్చి, అలవాటు చొప్పున ‘గొయ్యి తరఫున ఎవరెవరు వస్తారండీ?’ అని అడిగాడు. గంభీరంగారు నడిచొస్తుంటే స్లోమోషన్ పెడతానన్నాడు. గోతి మీద గులాబీ రేకులు రాలేటట్టు చేస్తానన్నాడు. ఏమీ వద్దు, ఉన్నది ఉన్నట్టు తియ్యమంటే చిన్నబుచ్చుకున్నాడు.

గంభీరంగారు ఇస్త్రీ చొక్కాతో గోతి అంచున నిలబడి గొంతు సవరించుకున్నారు.

“అనాదిగా మానవజాతి భూమిని తవ్వుతూనే ఉంది…”

వరండాలోంచి పెద్దావిడ దగ్గారు. ఆయన మళ్ళీ మొదలుపెట్టారు. “నగరాల చరిత్రలో మురుగుకాలువల పాత్ర…” మళ్ళీ దగ్గు. మూడోసారి అసలు నోరే పెగల్లేదు. చెమటలు కక్కుతూ నా దగ్గరికొచ్చి, “ఏదైనా రాసివ్వవయ్యా, కాగితం లేకపోతే నాకు రాదు” అన్నారు. కొలతల పుస్తకంలోంచి ఒక కాగితం చింపి రాసిచ్చాను. ‘ఇక్కడ గొయ్యి ఉంది.’

“ఇంతేనా?”

“ఉన్నది అంతేగా అండీ.”

“ఇది రెండు సెకన్లు కూడా పట్టదయ్యా.”

“అమ్మాయ్,” అని వినిపించింది వరండాలోంచి. “కాగితం ఎందుకట? నాకు కళ్ళు కనబడనప్పుడు ఆయన మాటే నాకు చూపు. ఆయనకి కళ్ళున్నాయిగా. లోపలికి చూసి చెప్పమను.”

గంభీరంగారు గోతిలోకి చూశారు. రెండేళ్ళుగా రోజూ దాన్ని దాటుతున్నారు గాని, చూడడం అదే మొదలనుకుంటాను. నేను నా టేపు చివర ఇనుప కత్తెర కట్టి వదిలాను. అరవై అంగుళాల టేపు అయిపోయింది గాని అడుగు తగల్లేదు. రెండో టేపు ముడివేశాను.

“డెబ్బై నాలుగండీ,” అన్నాను.

“డెబ్బై నాలుగు అంగుళాలు,” అన్నారు గంభీరంగారు కెమెరా వైపు తిరిగి. “నాకన్నా ఒక అడుగు ఎక్కువ. అడుగున నల్లటి నీళ్ళున్నాయి. ఒక రబ్బరు బంతి ఉంది. విరిగిన కుర్చీ కాలు ఉంది. పక్కన…”

అక్కడ ఆగిపోయారు. నేనూ తొంగి చూశాను. బురదలో సగం కూరుకుపోయి ఒక చెప్పు ఉంది. ఆకుపచ్చ పట్టీ, కుడికాలిది.

“మా అత్తయ్యగారి చెప్పు,” అన్నారు. గొంతు పూడుకుపోయింది. వరదల సినిమా తర్వాత మళ్ళీ ఇన్నేళ్ళకు. ఆ బొంగురు గొంతుతోనే అన్నారు. “ఈ గొయ్యి పూడిపోయిందని సినిమాలో చెప్పింది నేనే. చూడకుండా చెప్పాను. ఇది పూడలేదు.”

వరండాలోంచి దగ్గు రాలేదు.

“గొంతు పాడైంది, మళ్ళీ చెబుతాను, మొదటినుంచి తియ్యి,” అన్నారు గంభీరంగారు ముఖం తుడుచుకుంటూ.

వీడియో అతను అప్పటికే కెమెరా మూసేశాడు. “అక్కర్లేదండీ. పెళ్ళికూతురి తల్లిని ఇంకోసారి ఏడవమంటే ఏడుస్తుందా? వచ్చినప్పుడే పట్టుకోవాలి,” అన్నాడు. పదిహేనేళ్ళు పెళ్ళిళ్ళు తీసినవాడికి డాక్యుమెంటరీ గురించి ఇంత తెలుసని నేననుకోలేదు.

నెలకోసారి ఆఫీసు హాల్లో ఫిర్యాదులు వింటారు. ఆ రోజు మా నాలుగు నిమిషాల సినిమా అక్కడ వేయించాం. చెప్పు దగ్గర ముందు వరసలోవాళ్ళు కుర్చీల్లోంచి లేచి మరీ చూశారు. అంతా అయ్యాక, వీడియో అతని కంప్యూటరు పాత అలవాటు మానుకోలేక, గొయ్యిని ఎర్రటి గుండె బొమ్మలో బిగించి మెల్లగా మాయం చేసింది. అప్పుడు మాత్రం అందరూ పడీపడీ నవ్వారు. అధికారి కూడా నవ్వి, తర్వాత నవ్వాపుకుని ఫైలు అడిగాడు.

“చిక్కొచ్చింది సార్,” అన్నాడు గుమస్తా. “ఇప్పుడు ఫైల్లో రెండు సినిమాలున్నాయి. రెండిట్లోనూ గొంతు ఒకటే. ఒకటి పూడిందంటోంది, ఒకటి పూడలేదంటోంది. దేన్ని నమ్మాలో రూల్సులో లేదు.”

అధికారి తల గోక్కున్నాడు. వెనక వరసలోంచి గంభీరంగారి భార్య లేచింది. మూడు వారాలుగా ఇద్దరి మధ్యా మాటలు మోసి మోసి అలిసిపోయిన మనిషి.

“ఒకసారి వచ్చి చూస్తే సరిపోతుంది కదండీ,” అంది.

రెండేళ్ళలో ఆ ఉపాయం ఎవరికీ తట్టలేదు. అధికారి మర్నాడే వచ్చాడు. చెక్క మీద నా భుజం పట్టుకుని దాటుతుంటే ఆయన ఎడమకాలి బూటు జారి గోతిలో పడింది. ఒంటికాలి మీద నిలబడి దానివైపు చాలాసేపు చూసి, ‘ఎంత లోతన్నారు?’ అని అడిగాడు. డెబ్బై నాలుగన్నాను. నాలుగో రోజుకు గొట్టాలు దిగాయి. మూడో వారానికి పైన సిమెంటు పలకలు పరిచేశారు.

పని పూర్తయిందని నగరపాలక సంస్థవాళ్ళు సినిమాకు రెండో భాగం తీసి గంభీరంగారికే కాగితం పంపారు. ఆయన దాన్ని పక్కనపెట్టి ‘ముందు బొమ్మ చూపించండి’ అన్నారట. ఇదెక్కడి పేచీ అని వాళ్ళు వేరే గొంతును వెతుక్కున్నారు. ఇప్పుడు ఆయనకు పని సగానికి తగ్గింది. తెర చూస్తూ చదువుతారు కాబట్టి ఒక్కోచోట ఆగిపోతారు కూడా. కొందరు విసుక్కుని వెళ్ళిపోతారు, కొందరు ఆ ఆగిపోయిన చోటును అలాగే ఉంచేస్తారు.

పలకలు ఆరిన రోజు పొద్దున పెద్దావిడ చేతికర్ర పట్టుకుని గుమ్మంలోకి వచ్చారు. కట్టు విప్పి పది రోజులైంది. కళ్ళు శుభ్రంగా కనిపిస్తున్నాయి, ఎదురుగా పలకలు కనిపిస్తున్నాయి. అయినా కాలు గడప దాటడం లేదు. కూతురు వంటింట్లో ఉంది. గంభీరంగారు వరండాలో పేపరు చదువుతున్నారు. నేను మిషను ఆపేశాను.

“అల్లుడుగారూ,” అన్నారు పెద్దావిడ. “పూడిందా?”

గంభీరంగారు పేపరు కిందపెట్టి వీధిలోకి వచ్చారు. పలకల మీద ఈ చివరినుంచి ఆ చివరకు నడిచారు. మధ్యలో నిలబడి రెండుసార్లు గెంతారు. వంగి, పలకల మధ్య సందులో వేలు పెట్టి చూశారు. తర్వాత గుమ్మం దగ్గరికెళ్ళి చెప్పారు. అది టీవీ గొంతు కాదు, ఏ చొక్కా కొలతప్పుడూ నేను విన్న గొంతు కాదు. చిన్నది, కాస్త కీచుగా కూడా ఉంది.

“పూడింది అత్తయ్యగారూ. చూసే చెబుతున్నాను.”

ఆవిడ కర్ర ముందుకు వేశారు. అల్లుడు పక్కన నడుస్తున్నారు గాని చెయ్యి పట్టుకోలేదు, ఆవిడ పట్టుకోనివ్వలేదు. పలకలన్నీ దాటి నేరుగా నా కొట్టు ముందుకొచ్చి ఆగారు.

“ఏం నాయనా, నా జాకెట్టు అయిందా?”

“అయిపోయిందండీ,” అన్నాను.

పెద్దావిడ నా వైపు ఆ బాగైన కళ్ళతో చూశారు.

“చూసి చెబుతున్నావా, చదివి చెబుతున్నావా?”

లేచి లోపలికి వెళ్ళాను. గుడ్డల కట్ట అన్నిటికన్నా అడుగున ఉంది. విప్పి చూశాను. ఇంకా కత్తిరించలేదు.